సోమవారం పెట్టిన అర్జీ

మా తమ్ముడి కూతురిని నా చెల్లెలు దత్తత తీసుకుంటోందన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ఆ బిడ్డ అప్పటికి ఏడాదిన్నరగా నా ఇంట్లో పెరుగుతోంది, నా పక్కలో పడుకుంటోంది. అయినా నాకొక మాట చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. చెల్లెలు ఐర్లండ్ నుంచి ఫోన్ చేసి తమ్ముణ్ణి అడిగింది. తమ్ముడు సరేనన్నాడు. అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు కూడా పెట్టేసుకున్నారు. పాప పుట్టిన సర్టిఫికెట్ నా బీరువాలో ఉంది కాబట్టి దానికోసం నాకు ఫోన్ వచ్చింది. ఆ కాగితం వాళ్ళ దగ్గరే ఉండి ఉంటే, పాప విమానం ఎక్కే రోజున నాకు కబురు చేసేవాళ్ళేమో.

మేం ముగ్గురం. నేను పెద్దదాన్ని, నా తర్వాత చెల్లెలు, ఆఖరున తమ్ముడు. నేను చిత్తూరులో ఉంటాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు తీపి ఎంత, పులుపు ఎంత అని పరీక్ష చేసి రాసే పని నాది. మా ఆయనకు బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. మాకు పిల్లలు లేరు. చెల్లెలు నర్సు. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఐర్లండ్‌లో స్థిరపడ్డారు. వాళ్ళకూ పిల్లలు లేరు. తమ్ముడు ఏర్పేడులో నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. అతని భార్య డెంగీ జ్వరం వచ్చి పోయేనాటికి పాపకు రెండేళ్ళు కూడా నిండలేదు. కర్మ ముగిసిన సాయంత్రం తమ్ముడు పాపను నా చేతుల్లో పెట్టి, "కొన్నాళ్ళు సూసుకోక్కా" అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక్కడే ఒక పాత సంగతి కూడా రాసేస్తాను. పాపను ఉయ్యాల్లో వేసిన రోజు సంగతి. అది సత్యవేడులో, తమ్ముడి అత్తగారింట్లో జరిగింది. మా ఇళ్ళల్లో బిడ్డను మొదటిసారి ఉయ్యాల్లో వేసేది మేనత్త. నేను పెద్ద మేనత్తను. బిడ్డను అందుకోవడానికి చేతులు చాచి నిలబడి ఉన్నాను కూడా. తమ్ముడి అత్తగారు నా చేతుల ముందు నుంచే పాపను తీసుకుపోయి, సెలవుకు వచ్చిన నా చెల్లెలి చేతుల్లో పెట్టింది.

"ఆయమ్మి కడుపుతో ఉండాది గదా, ఆయమ్మి ఏస్తే మంచిది" అంది.

చెల్లెలికి అప్పుడు మూడో నెల. నా వైపు చూసి, "ఏమనుకోబాకక్కా" అని బిడ్డను ఉయ్యాల్లో వేసేసింది. నేను ఏమనుకున్నానో ఈ రోజు వరకు అడగలేదు. ఆ కడుపు నిలవలేదు. అందుకు నేను నిజంగా ఏడ్చాను. ఉయ్యాల సంగతి మాత్రం మరిచిపోలేదు. అవి రెండూ వేరు వేరు సంగతులు.

ఆ తర్వాత వచ్చినప్పుడు చెల్లెలు నాకొక చాక్లెట్ డబ్బా తెచ్చింది. దాని మీద వాడవలసిన తేదీ దాటిపోయి ఉంది. డబ్బాల మీద తేదీలు చూడటం నా ఉద్యోగం కాబట్టి నా కంట పడింది. వేరేవాళ్ళయితే తినేసి, బాగుందని చెప్పేవాళ్ళు.

సర్టిఫికెట్ కోసం ఫోన్ చేసిన తమ్ముణ్ణి నేను సూటిగానే అడిగాను.

"నన్నొక మాట అడగాలనిపించ్లేదా నీకు?"

"నిన్నేం అడిగేదక్కా? నువ్వు సూసుకుంటా ఉండావు, సరే. పాప నీకు కావాలని ఎప్పుడన్నా అడిగినావా?"

"యాడన్నా అడుగుతార్రా? నువ్వు గదా పిలిచి ఒళ్ళో పెట్టాల్సింది."

"చిన్నక్క అడిగింది గదా మరి."

"అది అడుగుతాది. దానికేం."

"అడిగినోళ్ళకే గదక్కా ఇచ్చేది" అన్నాడు, ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ.

మా వైపు బిడ్డను అడిగి తెచ్చుకోరు. అడిగితే కన్నవాళ్ళ కడుపు మీద కన్నేసినట్టు. అలా అడిగి తెచ్చుకున్న బిడ్డ నిలవదని మా అవ్వ చెప్పేది. ఇవ్వాలనుకున్నవాళ్ళే ఆకూవక్కా పెట్టి పిలిచి, బిడ్డను ఒళ్ళో కూర్చోబెడతారు. పిల్లలు లేనివాళ్ళు ఆ పిలుపు కోసం ఎదురుచూస్తారే గాని నోరు తెరవరు. నేను ఏడాదిన్నర నోరు తెరవలేదు. తమ్ముడు పండక్కి వచ్చినప్పుడల్లా ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకున్నాను. అతను రెండో పెళ్ళి చేసుకున్నప్పుడు ఇక తప్పకుండా చెబుతాడనుకున్నాను. ఆ మాట ఐర్లండ్ దాకా వెళ్ళింది గాని ఏర్పేడు నుంచి చిత్తూరుకు రాలేదు. చెల్లెలు కూడా మా అవ్వ ఒళ్ళోనే పెరిగింది. ఆమెకూ ఈ పద్ధతి తెలుసు. తెలిసే అడిగింది.

తర్వాత కాగితాల కాలం మొదలైంది. అక్కడి ప్రభుత్వం చెల్లెలి ఇల్లు, జీతాలు, ఆరోగ్యం అన్నీ చూసి, బిడ్డను పెంచడానికి వీళ్ళు తగినవాళ్ళేనని కాగితం ఇచ్చింది. ఇక మిగిలింది ఇక్కడి అనుమతి. పాప ఎక్కడుంది, ఎలా ఉంది, తండ్రికి నిజంగా ఇష్టమేనా అని జిల్లా ఆఫీసు వాళ్ళు విచారించి రాయాలి. దాని మీద పెద్దాఫీసరు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత ఢిల్లీ వాళ్ళు సరేననాలి. అంతా సాఫీగా ఉంటే త్వరగానే అయ్యేదట. మాకు జిల్లా రెండైంది. తండ్రి ఉండే ఏర్పేడు తిరుపతి జిల్లాలోకి పోయింది, పాప ఉండే చిత్తూరు చిత్తూరులోనే ఉంది. ఆ ఆఫీసుల పేర్లు నేను రాయను. మా ఇంట్లో వాటిని అటు ఆఫీసు, ఇటు ఆఫీసు అనేవాళ్ళం. అటు ఆఫీసు వాళ్ళు ఇటు అడగమన్నారు, ఇటు వాళ్ళు తండ్రి ఉన్న చోటే చూడాలన్నారు. ఫైలు అక్కడ ఆగింది.

చెల్లెలు అనుమతి కోసం ఎదురుచూసింది. నేను అది రాకపోవడం కోసం ఎదురుచూశాను. ఇద్దరిలో ఎవరి ఎదురుచూపు కష్టమైందో నాకు తెలుసు. ఆమె చుట్టూ ధైర్యం చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకు ఎవరు చెబుతారు?

ఆమె ఫోన్ చేసి, "అక్కా, కాణిపాకం నీకు పక్కనే గదా. నా తరఫున పోయి ఒక కాయ కొట్టి రా. కాగితం బిరీన రావాలని మొక్కు" అంది. వెళ్ళాను. అది సత్యప్రమాణాలు చేసే గుడి. అక్కడ అబద్ధమాడితే నిలవదంటారు. నేను అబద్ధమాడలేదు. కాయ ఆమె పేరున కొట్టాను. కోరిక మాత్రం నాది కోరుకున్నాను. ఆమె కోరిక ఎప్పుడైనా ఆమే వచ్చి కోరుకోవచ్చు.

ప్రతి ఆదివారం వీడియో కాల్ ఉండేది. ఫోన్ నాది. పాపకు తల దువ్వి, గౌను మార్చి, ఫోను ముందు కూర్చోబెట్టేదాన్ని నేను. తెరలో చెల్లెలు పాప కోసం సిద్ధం చేసిన గది చూపించేది. గొర్రెపిల్లల బొమ్మలున్న దుప్పటి, గోడకు నీలం రంగు, కిటికీలోంచి ఎప్పుడూ పడుతూ ఉండే వాన.

"ఇది ఎవరి మంచం?" అని ఆమె అడిగేది.

"నాదీ" అని పాప అరిచేది.

ఒకరోజు పాప నా వైపు తిరిగి, "పెద్దత్తా, మనకు మంచం ల్యాదా?" అంది. మాకు మంచం ఉంది. పాప పడిపోతుందని మూడో ఏట నుంచి నేనే దానితోపాటు కింద పడుకుంటున్నాను. ఆ సంగతి నాలుగేళ్ళ బిడ్డకు ఎలా చెప్పేది?

ఇంకో ఆదివారం చెల్లెలు, "బంగారూ, నన్ను అమ్మా అని పిలుసు, ఒక్కసారి" అంది. పాప నన్ను చూసింది. నేను గోడ మీది పాప తల్లి ఫోటో వైపు చూశాను. ఆ ఫోటోకు దండం పెట్టించి, అమ్మంటే ఈమే అని నేర్పించింది నేను. అన్నాళ్ళూ పెంచి కూడా నన్ను అమ్మా అని ఒక్కసారి పిలిపించుకోలేదు. చచ్చిపోయినామె మాట తీసుకోవడం తప్పనిపించింది. పాప కాసేపు ఆలోచించి, తెర దగ్గరికి నోరు పెట్టి, చాలా మెల్లగా "అమ్మా" అంది. నాకు వినపడకూడదనుకుందేమో. వినపడింది.

వేసవిలో తెలిసినవాళ్ళెవరో వస్తూ ఉంటే చెల్లెలు పాపకు ఎర్ర కోటు పంపించింది. లోపల బొచ్చు, తలకు టోపీ. చిత్తూరు మే నెల ఎండలో పాప ఆ కోటు వేసుకుని విప్పనంది. దానితోనే తిన్నది, దానితోనే ఆడింది, దానితోనే పడుకుంది. మెడంతా చెమటకాయలు పేలాయి. స్నానం చేయించేటప్పుడు విప్పి, అటక మీద పెట్టేశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది.

మా ఆయన షాపు నుంచి వచ్చి చూసి, "కోటు మీద గూడా కోపమా మే నీకు?" అన్నాడు.

"బిడ్డకు ఒళ్ళంతా పేలింది, సూడు."

"పేలింది బిడ్డకా, నీకా?"

నేనే అటకెక్కి కోటు తీసి ఇచ్చాను. పాప దాన్ని కౌగిలించుకుని, చిన్నత్త వాసన వస్తోందంది. కొత్త బట్టకు ఏం వాసన వస్తుంది? నా చీరకు మాత్రం మామిడికాయ వాసన అని ముక్కు మూసుకునేది.

మరుసటి చలికాలంలో అటు ఆఫీసు నుంచి విచారణకు వస్తున్నారని తమ్ముడు ఫోన్ చేశాడు. పాపను తీసుకుని ఏర్పేడు రమ్మన్నాడు.

"వొచ్చినాక ఒక్క పూట ఏం మాట్లాడకుండా ఉండక్కా" అన్నాడు.

"ఏందిరా మాట్లాడకూడనిది?"

"ఏమీ ల్యా. ఊరికే. నువ్వు మాట్లాడితే ఆపవు గదా."

తమ్ముడి కొత్త భార్య నెలలు నిండి ఉంది. మంచి పిల్ల, నాకు చాప వేసి, మంచినీళ్ళిచ్చింది. విచారణకు వచ్చినామె చిన్న వయసుది, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతోంది. పాప నా ఒళ్ళో ఉంది. ఆమె కాగితంలోకి చూసి, తల ఎత్తకుండానే నన్ను అడిగింది.

"ఇంట్లో సాయానికి పెట్టుకున్నామె మీరేనా?"

నేను తమ్ముడి వైపు చూశాను. తమ్ముడు, "అవును మేడం" అన్నాడు.

నేను ఆ పూట మాట్లాడలేదు. పాప ఒళ్ళో లేకపోతే మాట్లాడేదాన్ని. ఆమె పాపను, "మీ ఇంట్లో నీ బొమ్మలేవమ్మా, చూపించు" అని అడిగింది. పాప ఆ ఇల్లంతా ఒకసారి చూసి, నా కొంగు పట్టుకుని, "పెద్దత్తా, మనింటికి పోదాం, బొమ్మలు ఆడుండాయి" అంది. విచారణామె కలం ఆపింది. అంగన్‌వాడీ కాగితం ఏదని అడిగింది. అది చిత్తూరులో ఉంది. టీకాల కార్డు ఏదంది. అదీ చిత్తూరులోనే. ఏదో రాసుకుని లేచింది. పోతూ పోతూ తమ్ముడికి చెప్పిన మాట నేను విన్నాను.

"పాప నిజంగా ఎక్కడుంటుందో రుజువు లేనిదే ఇది కదలదండీ. ఇంకోటి, ఐదేళ్ళు నిండితే పాప ఇష్టం కూడా అడిగి రాసుకోవాల్సి ఉంటుంది. ఇప్పుడైతే అక్కర్లేదు."

పాపకు ఐదు నిండేది ఆగస్టులో. చిత్తూరు బస్సులో కూర్చున్నప్పుడు నాకు రెండు సంగతులు మనసులో తిరుగుతూ వచ్చాయి. ఒకటి, ఆగస్టు దాకా ఫైలు ఇలాగే పడి ఉంటే పాపను అడుగుతారు. అడిగితే పాప ఏం చెబుతుందో నాకు తెలుసు. కోటు కోటే, నిద్రపోయే వేళకు దానికి నేనే కావాలి. రెండోది, నేను సాయానికి పెట్టుకున్న మనిషినన్న మాట.

ఇంటికి రాగానే చెల్లెలికి ఫోన్ చేశాను.

"నేను పనిమనిషినని రాసింది ఎవరు?"

ఆమె దాచలేదు. "అక్కా, ఈడ ఏజెన్సీ వాళ్ళు చెప్పినారక్కా. సొంత మేనత్త ఆడనే బాగా పెంచుతా ఉంటే, ఇంత దూరం ఎందుకు తీసకపోతారని అడుగుతారంట. అందుకని నీ సంగతి రాయలేదు, పాప నాయన దగ్గరే ఉండాదని రాసినాం. అది కాగితం మీద మాట గదా."

"కాగితం మీదనే గదే నువ్వు బిడ్డను తీసకపోయేది."

"అట్లంటావేందక్కా. నువ్వు చేసింది మాకు తెలీదా?"

"మీకు తెలిస్తే సరిపోతాదా?"

"ఐదు నిండకముందే అయిపోతే సాలక్కా నాకు. బిడ్డను అందరి ముందర నిలబెట్టి ఎవురు కావాలని అడగడం నాకిష్టం ల్యా" అంది.

ఇష్టం లేకపోవడానికి కారణం నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

అప్పటినుంచి నేను ఊరుకోవలసింది. మా ఆయన అదే చెప్పాడు. "ఫైలు పండుకోనుండాది. పండుకోనీ. ఆగస్టు దాకా నువ్వు నోరు మూసుకోని ఉంటే సాలు. కదిలించినావంటే కదులుతాది మే."

ఆయన చెప్పింది సరైన మాటే. నేను నెలల తరబడి నోరు మూసుకుని ఉన్నాను కూడా. అయితే ఆ మాట నాలో ఒక్క రోజు పడుకోలేదు. పాపకు సంగటి ముద్ద కలిపి పెడుతుంటే గుర్తొచ్చేది. జ్వరం వచ్చి నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే గుర్తొచ్చేది. రేపు ఏ ఆఫీసులో ఏ బీరువాలో చూసినా, ఈ బిడ్డను మూడేళ్ళు పెంచింది ఒక సాయం మనిషి అని ఉంటుంది. పాప పెద్దదై ఆ కాగితం చదువుకుంటే అదే చదువుకుంటుంది. ఇంకో ఆలోచన కూడా ఉండింది, దాచడం దేనికి? చెల్లెలి ఏజెన్సీ వాళ్ళు భయపడింది నిజమే అయితే, నా సంగతి తెలిసిన ఆఫీసరు, మేనత్త ఉండగా బిడ్డను దేశం దాటించడం దేనికి, ఈమెకే ఇవ్వండి అంటాడని ఆశపడ్డాను. అడగకుండానే నాకు ఇస్తారని.

జూన్‌లో, ఫ్యాక్టరీలో కాయ లారీలు బారులు తీరి నిలబడే రోజుల్లో, సెలవు ఇవ్వరని తెలిసి జ్వరమని చెప్పి, ఒక సోమవారం తిరుపతి బస్సెక్కాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఆ ముందురోజే కూర్చుని అర్జీ నేనే రాశాను. పాప నా దగ్గరికి ఎప్పుడు వచ్చింది, ఏ అంగన్‌వాడీకి పోతోంది, ఏ టీకా ఎక్కడ వేయించాను, ఏ డాక్టరుకు చూపించాను, అన్నీ. కాగితాల నకళ్ళు వెనక కుట్టాను. చివర, నేను పనిమనిషిని కాను, పాపకు స్వయానా పెద్ద మేనత్తను, రికార్డులో ఆ మాట సరిచేయవలసిందిగా కోరుతున్నాను అని రాశాను. నా జీవితంలో నేను ఒకరిని కోరిన కాగితం అదొక్కటే.

అక్కడ వరసలో నా ముందు భూమి తగాదా ముసలాయన ఉన్నాడు. "నీదేం తగాదామ్మా?" అని అడిగాడు.

"మా చెల్లెలితో."

"పొలమా?"

"కాదు."

"పొలం కాకపోతే తొందరగానే తేల్తాది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే అయింది. అర్జీ పెట్టిన వారంలోపే అటు ఆఫీసు నుంచి, ఇటు ఆఫీసు నుంచి ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. అన్నాళ్ళూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నవాళ్ళు, ఒకే జీపులో దిగారు. పాప బొమ్మలు చూశారు, నా చాప చూశారు, పక్కింటివాళ్ళను అడిగారు. నాకు ఎంత మర్యాద చేశారంటే, తాగిన కాఫీ గ్లాసులు వాళ్ళే వంటింట్లో పెట్టి వెళ్ళారు. నేను గెలిచాననుకున్నాను. మా ఆయన మాత్రం జీపు పోయిన వైపు చూస్తూ, "కదిలింది" అన్నాడు.

జులైలో తిరుపతికి పిలుపు వచ్చింది. చెల్లెలు, మరిది విమానమెక్కి వచ్చారు. తమ్ముడు వచ్చాడు. పాపను తీసుకుని నేను వెళ్ళాను. ఆఫీసరు పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి. ఫైలు తిప్పి నా వైపు చూశాడు.

"అర్జీ పెట్టింది మీరేనా అమ్మా? చాలా వివరంగా రాశారు. పాప ఎక్కడుంది, ఎలా ఉందన్న రుజువు కోసమే ఇది ఇన్నాళ్ళు ఆగింది. అవన్నీ మీ అర్జీలోనే దొరికాయి."

నేను చెల్లెలి వైపు చూడలేదు.

"పాపను బాగా పెంచారు. మరి దత్తతకు మీరెందుకు దరఖాస్తు పెట్టుకోలేదు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర అన్నేళ్ళుగా ఉంది. తీరా చెప్పేసరికి చిన్నదైపోయింది.

"మా వైపు బిడ్డను అడగరు సార్. ఇచ్చేవాళ్ళే పిలిచి ఇయ్యాల."

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమప్పా, మీ అక్క చెప్పేది విన్నావా?"

"అక్కకు ఆశ ఉండాదని నాకు తెల్దు సార్" అన్నాడు తమ్ముడు.

"దరఖాస్తు ఉన్నది మీ చెల్లెలిదమ్మా. తండ్రి సమ్మతి వాళ్ళకుంది. మీరేమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పండి."

నేను తమ్ముణ్ణే చూస్తూ నిలబడ్డాను. నువ్వు తీసుకోక్కా అని ఒక్క మాట అంటే చాలు. అతను తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అంతమంది ముందు, నా తోడబుట్టినవాళ్ళ ముందు, ఆమె ఫోన్‌లో చేసిన పనిని నేనూ చేసి, ఆమె వెనక రెండోదానిగా నిలబడి అడుక్కోవాలా?

"నేను చెప్పాల్సింది అర్జీలో చెప్పినాను సార్. నేను పనిమనిషిని గాను" అన్నాను.

"అది సరిచేశామమ్మా" అన్నాడు.

తర్వాత ఆయన పాపను దగ్గరికి పిలిచాడు. పాప వెళ్ళలేదు. "చిన్నత్తతో వెళ్తావా అమ్మా?" అని నవ్వుతూ అడిగాడు. పాప నా వెనక్కి పోయి, నా చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టి, రెండు చేతులతో నా మోకాళ్ళు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నా మోకాళ్ళకు తెలుసు.

"సిగ్గు" అన్నాడు ఆఫీసరు. అందరూ నవ్వారు. సంతకం పెట్టాడు.

ఐదు నిండి ఉంటే దాన్ని ఏమని రాసుకునేవాళ్ళో.

బయటికి రాగానే చెల్లెలు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "అక్కా, నువ్వు అర్జీ పెట్టకపోతే ఇంకా ఎన్నాళ్ళు పట్టేదో. నేను నిన్ను కాగితంలో లేకుండా చేస్తే, నువ్వు నాకోసం పన్లు ఇడిచిపెట్టి ఆఫీసులు తిరిగినావు. నీ రుణం ఎట్ల తీర్చుకునేది?"

"నేను నీకోసం పెట్టలేదే" అన్నాను.

"నువ్వట్లనే అంటావు లేక్కా" అని ఇంకా ఏడ్చింది.

"నిజంగానే చెప్తా ఉండాను. నీకోసం పెట్టలేదు."

మరిది వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. తమ్ముడు వెళ్ళి అందరికీ చెరుకురసం తెచ్చాడు. పాప నా గ్లాసులోదే తాగింది. మిగిలింది పోయి చెల్లెలికి ఇచ్చింది.

ఢిల్లీ కాగితం, పాస్‌పోర్టు, వీసా అయ్యేసరికి ఆగస్టు దాటింది. పాపకు ఐదేళ్ళు నా ఇంట్లోనే నిండాయి. కేకు కోశాం. ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు. కాగితాలు అయ్యేదాకా చెల్లెలు మా ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటికి పాప రాత్రిళ్ళు ఆమె దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. మొదటి రెండు రాత్రులూ మధ్యలో లేచి నా దగ్గరికి వచ్చింది. మూడో రాత్రి నేను మెలకువగానే ఉన్నాను. రాలేదు.

వెళ్ళే రోజు కారు బెంగళూరు వైపు పోతుంటే నేను పలమనేరు దాకా వెళ్ళి దిగిపోయాను. విమానాశ్రయంలో అద్దాల అవతల నిలబడి చెయ్యి ఊపడం నావల్ల కాదు. పలమనేరులో చల్లగా ఉంది. పాప ఎర్ర కోటు వేసుకుంది. దానికి ఆ రోజు ఆ కోటు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు మా బంధువులందరికీ తెలిసిన కథ ఒకటుంది. తనకు పిల్లలు లేకపోయినా, కడుపున పుట్టినట్టు పెంచిన బిడ్డను, చెల్లెలి కడుపు చల్లగా ఉండాలని పెద్దక్క తనే ఆఫీసుల చుట్టూ తిరిగి, అర్జీ పెట్టి ఇప్పించిందట. చెల్లెలు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి చెబుతోంది. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి చెబుతున్నారు. ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. ఒకప్పుడు ఉయ్యాల దగ్గర పక్కకు నెట్టినవాళ్ళలో కొందరు ఇప్పుడు తమ మనవళ్ళను తెచ్చి నా ఒళ్ళో పెడుతున్నారు. అది అలా జరగలేదని నేను ఒక్కొక్కరికీ చెప్పాను. చెప్పేకొద్దీ నా మంచితనం పెరుగుతోంది. ఆ కుర్చీ నాకు అక్కర్లేదు. నేను అడిగిన చోటు అది కాదు. నిజానికి నేను అడగనే లేదు, అదే గదా చెబుతున్నది.

పాప వెళ్ళి నాలుగు నెలలైంది. ఆదివారం కాల్ నెలకు రెండు మూడుసార్లకు తగ్గింది. మొన్న రాత్రి చెల్లెలు ఫోన్ చేసి ముందు థాంక్సే చెప్పింది, ఎప్పటిలాగే. నేను దానికి జవాబు చెప్పకుండా, పాపకు ఫోనివ్వమన్నాను.

"పడుకోనుండాదక్కా. లేపేదా?" అంది.

వద్దన్నాను. పెట్టేశాక గోడ గడియారం చూశాను. అక్కడ అప్పుడు మధ్యాహ్నం. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ బిడ్డ ఒక్కనాడు మధ్యాహ్నం పడుకోలేదు.